మోడలర్ కొన్నారు సరే, స్పీకర్ సంగతేంటి?

సైనిక్‌పురి మాజీ సైనికుల కోసం వెలసిన కాలనీ. చాలా వీధుల్లో ఇప్పటికీ విడి ఇళ్లు, ప్రహరీలు, పెద్ద చెట్లు. అలాంటి ఇళ్లలో కొన్ని కెఫేలయ్యాయి, వారాంతాల్లో గిటార్లు మోగుతున్నాయి. గోడ అవతల మాత్రం కుటుంబాలే ఉంటాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. రాత్రి పది దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. వంద వాట్ల ట్యూబ్ యాంప్ బాగా వాల్యూమ్ పెంచితే గానీ తన అసలు స్వరం పలకదు. ఇలాంటి కాలనీలో అది కుదిరే పని కాదు. తక్కువ శబ్దంలోనూ అదే స్వరం ఇచ్చే డిజిటల్ మోడలర్ ఇక్కడి కుర్రాళ్లకు అందుకే అంత దగ్గరైంది.

1998లో లైన్ 6 కంపెనీ పాడ్, 2006లో ఫ్రాక్టల్ యాక్స్-ఎఫ్ఎక్స్, 2015లో హీలిక్స్ వచ్చాయి. ఒక్కొక్కటి వచ్చేకొద్దీ మోడలర్‌కీ నిజమైన యాంప్‌కీ తేడా చెప్పడం కష్టమైపోయింది. అయినా మనవాళ్లు లక్షో, లక్షన్నరో మోడలర్‌కు పోసి, స్పీకర్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగబడతారు. స్వరం చెడేది అక్కడే.

గిటార్ యాంప్‌లోని స్పీకర్ పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. పేరుమోసిన సెలెస్టియన్ వింటేజ్ 30నే తీసుకోండి. దాని పరిధి సుమారు 70 నుంచి 5,000 హెర్ట్జ్. ఆ పైనున్న కీచు ధ్వనులను అది దాదాపుగా మింగేస్తుంది. డిస్టార్షన్ పెట్టినా గిటార్ చెవికి ఇంపుగా ఉండడానికి ముఖ్య కారణం ఇదే. మోడలర్ ఈ స్పీకర్‌నూ, దాని ముందు పెట్టిన మైకునూ కూడా అనుకరించి పంపుతుంది. ఇంపల్స్ రెస్పాన్స్ అనేది చేసే పని అదే. ఆ తర్వాత వచ్చే స్పీకర్ ఏమీ కలపకుండా, ఏమీ తీసేయకుండా ఉన్నదున్నట్టు వినిపించాలి. ఎఫ్ఆర్ఎఫ్ఆర్ అని దుకాణాల్లో అమ్మేవి ఈ పని కోసమే. మోడలర్‌ను మామూలు గిటార్ యాంప్‌కు కలిపి, మోడలర్ లోపలి క్యాబ్‌ను, అంటే ఆ స్పీకర్ అనుకరణను, ఆపకుండా వాయిస్తే ఉప్పేసిన కూరలో మళ్లీ ఉప్పేసినట్టే. శబ్దం మందంగా, మూసుకుపోయినట్టు వస్తుంది.

వాట్ల అంకెలు చూసి మోసపోవద్దు. వెయ్యి వాట్లు రెండు వేలయితే పెరిగేది మూడు డెసిబెల్సే. పైగా పెట్టె మీద రాసేది తరచుగా క్షణకాలపు గరిష్ఠం. అసలు తెలుసుకోవాల్సింది గట్టిగా వాయించినప్పుడు డ్రమ్స్ పక్కన స్పీకర్ నలిగిపోకుండా నిలబడుతుందా అన్నది.

లైన్ 6 పవర్‌క్యాబ్, ఫెండర్ 2023లో తెచ్చిన టోన్ మాస్టర్ ఎఫ్ఆర్-12 వంటివి గిటారిస్టుల కోసమే చేసినవి. వేదిక మీద యాంప్ పక్కన నిలబడిన భావన కావాలనుకునేవాళ్లకు అవి బాగుంటాయి. నా ఓటు మాత్రం సాదా పీఏ స్పీకర్‌కే. యమహా డీఎక్స్ఆర్, క్యూఎస్సీ కే సిరీస్ లాంటి వాటిలో పదో, పన్నెండో అంగుళాలది ఒకటి చాలు. ఆదివారం చర్చిలో కీబోర్డుకు, కాలేజీ ఫెస్టులో పాడేవాళ్లకు, కెఫేలో గిటార్‌కు అదే పనికొస్తుంది. డీఎక్స్ఆర్ వెనక డీ-కాంటూర్ అని ఒక మీట ఉంటుంది. మెయిన్ మీద ఉంటే పై స్థాయి, కింది స్థాయి రెండూ పెంచేస్తుంది. గిటార్‌కు దాన్ని ఆఫ్‌లో పెట్టాలి. ఆ చిన్న మీట చూసుకోక స్పీకర్‌ను తిట్టుకునేవాళ్లు ఎందరో.

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన స్పీకరైతే ముందుగా దాని వెనక ముద్రించిన వోల్టేజీ చదవండి. 120 వోల్టులకే చేసినదాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోవచ్చు.

ప్యాచ్‌లు, అంటే మోడలర్‌లో దాచుకునే సెట్టింగులు, రాత్రిళ్లు హెడ్‌ఫోన్‌లో తయారుచేసుకుని వేదికెక్కితే బాస్ గుబగుబలాడుతుంది, పైస్వరం చెవి కోస్తుంది. శబ్దం తక్కువున్నప్పుడు మన చెవికి బాస్, ట్రెబుల్ సరిగా ఆనవు. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ ఈ సంగతి కొలిచి చూపించారు. మనం ఆ లోటు పూడ్చుకోవడానికి వాటిని ఎక్కువ పెట్టేసుకుంటాం. అందుకే బ్యాండ్ వాల్యూమ్‌లో ఒకసారి కూర్చుని, ఇంచుమించు 80 హెర్ట్జ్ కింద, ఏడెనిమిది వేల పైన కోసేయాలి. స్పీకర్‌ను నేల మీద పెడితే బాస్ ఇంకా పెరుగుతుంది, స్టాండు మీద పెడితే తగ్గుతుంది. పక్కింటివాళ్ల గోడ దాటి వెళ్లేది ముఖ్యంగా ఆ బాసే.

కొనేముందు మీ గిటార్, మీ మోడలర్ రెండూ దుకాణానికి తీసుకెళ్లండి. స్పీకర్‌కు పదడుగుల దూరంలో నిలబడి, మీరు రోజూ వాయించే ప్యాచ్‌నే గట్టిగా వాయించి వినండి. అలా వాయించనివ్వని దుకాణంలో కొనకండి.