స్మోక్ అలారం మోగినప్పుడు నవ్వేదెవరు?

కిందటి సంక్రాంతికి జమ్మలమడుగు నుంచి మా పెద్దక్క ప్రొద్దుటూరు వచ్చింది. ఇద్దరం కూర్చుని అమెరికా తెలుగువాళ్లు వేసిన నాటిక ఒకటి వీడియోలో చూశాం. కూతురి కాన్పుకు వెళ్లిన తల్లి తాలింపు పెడుతుంది. స్మోక్ అలారం మోగుతుంది. అల్లుడు తువ్వాలు ఊపుతూ గంతులేస్తాడు. హాలంతా నవ్వు. నేనూ నవ్వాను. అక్క మాత్రం, "నాకూ మోగింది మే. ఆ పొద్దు నుంచి వచ్చేదాకా తాలింపు లేని కూడే తింటి" అనింది. రెండు కాన్పులకు రెండుసార్లు పోయి వచ్చిన మనిషి.

ప్రవాస హాస్యాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1977లో తానా తొలి మహాసభ జరిగింది మొదలు అక్కడి తెలుగువాళ్లు తమ బతుకును తామే వేదికనెక్కించుకుంటున్నారు. వంగూరి చిట్టెన్ రాజు తన కథలకు 'అమెరికామెడీ' అనే పేరే పెట్టుకున్నారు. పరాయిచోట తడబడిన మనిషి తన తడబాటు మీద తానే నవ్వుకోగలిగితే సగం భయం పోతుంది. అయితే తడబడేది ఎక్కువసార్లు ఎవరు? అమ్మ, అత్త, కొత్తగా దిగిన భార్య. ఆర్నెల్ల విజిటర్ వీసా మీద వచ్చి పిల్లను సాకి, వంట చేసి వెళ్లే తల్లి శ్రమ నాటికలో శ్రమగా కనబడదు, చాదస్తంగా కనబడుతుంది. చివర్లో ఎయిర్‌పోర్టు దృశ్యం వస్తుంది. అక్కడ కన్నీళ్లు కూడా కొడుకువే. అతని పశ్చాత్తాపానికి ఆమె ఒక సందర్భం, అంతే.

'కన్యాశుల్కం'లో బుచ్చమ్మ అమాయకత్వానికి మనం నవ్వినా ఆ నవ్వు తిరిగి గిరీశం మీదికే మళ్లుతుంది. అయూబ్ ఖాన్ దిన్ 1996లో రాసిన 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్' ఇంగ్లండులోని ఒక పాకిస్తానీ తండ్రి కథ. అతని డాంబికానికి పగలబడి నవ్వుతుంటాం. అతను భార్య మీద చెయ్యి చేసుకున్నప్పుడు ఇంతసేపూ దేనికి నవ్వామా అని మనల్ని మనం అడుగుకుంటాం. హాస్యమూ విషాదమూ కలవడమంటే ఇదీ. మన నాటికల్లో అవి పక్కపక్కన నిలబడతాయి గానీ ఒకదాన్నొకటి ప్రశ్నించుకోవు.

ఇంకో మాట. కడప జిల్లాకు వలసంటే అమెరికా ఒక్కటే కాదు, కువైట్ కూడా. ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండాలని మన ప్రభుత్వ నిబంధన. పాస్‌పోర్టు మాత్రం తరచూ యజమాని బీరువాలోకి పోతుంది. అమెరికాలో అమ్మ ప్రేమ పేరుతో చేసే పనినే ఈమె జీతానికి చేస్తుంది. నేను చూసిన ప్రవాస నాటికల్లో ఈమె లేదు. అట్లని ఈమెకు హాస్యం తెలియదా? సెలవుకొచ్చిన ఒకామె మా వాకిట్లో కూర్చుని, వాళ్ల మేడమ్ అరబ్బీలో అరిచే తీరును అనుకరిస్తే పొట్టలు పట్టుకుని నవ్వాం. పిల్లోడు తనను గుర్తుపట్టలేదని కూడా ఆమె అదే గొంతుతో చెప్పింది. ఎవరికీ నవ్వు రాలేదు. నాటకం వాకిట్లో ఉంది. వేదికే దూరంగా ఉంది.

ఆ దూరం ఈ నేలకు కొత్తేమో గానీ సహజం కాదు. పులివెందుల నియోజకవర్గంలోని చక్రాయపేట మండలంలో సురభి అనే ఊరుంది. మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాటల కుటుంబాలు వలసవచ్చి, 1885లో అక్కడ 'కీచకవధ' ఆడాయి. మిగతాచోట్ల మగవాళ్లే చీరలు కట్టి ఆడవేషాలు వేస్తున్న కాలంలో సురభి స్త్రీలు రంగస్థలం ఎక్కారు. వలసవచ్చిన ఇంటి ఆడవాళ్లకు ఇక్కడ వేదిక దొరికింది. ఇక్కణ్ణించి వలసపోయిన ఆడవాళ్లకు దొరకడానికి ఏం అడ్డం?

"ఆ సీను నువ్వు రాస్తే ఎట్లా రాస్తావు?" అని అక్కను అడిగాను.

"ఏముంది, గంటె అల్లుని చేతికిస్తా. తువ్వాలు నేను తీసుకుంటా" అనింది.