అట్ట చూడాలా, బొమ్మ చూడాలా?

పాత తెలుగు సినిమాల డిస్కులు దాచుకునేవారు ఇద్దరు కలిస్తే ఒక వాదన తప్పదు. ఒకరు అట్ట చూస్తారు: పెట్టె గట్టిదా, పాత పోస్టరు ముద్రించారా, లోపల చిన్న పుస్తకం పెట్టారా? మరొకరు బొమ్మ చూస్తారు: ముఖాలు స్పష్టంగా ఉన్నాయా, గీతలు తుడిచారా, చీకటి దృశ్యాల్లో గళ్లు పడుతున్నాయా? “అట్ట తిని బతుకుతామా?” అని రెండో పక్షం వెక్కిరిస్తుంది. “అట్టకే ఖర్చు పెట్టనివాడు బొమ్మకు పెడతాడా?” అని మొదటి పక్షం ఎదురడుగుతుంది.

హైదరాబాదులోనో విజయవాడలోనో అయితే ఇది సరదా వాదన. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ వంటి చోట దీనికి మరికొంత బరువుంది. 1912లో తొలి ఉక్కు తయారైన ఆ ఊరికి, కర్మాగారంలో పని కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వారి పిల్లలు బడిలో చదివేది హిందీ, ఇంగ్లీషు. తెలుగు పద్యం వారి చెవిన పడే కొద్ది చోట్లలో పాత సినిమా ఒకటి. సొంత ఊరికి వెళ్లి వచ్చేటప్పుడు ఆవకాయ జాడీతోపాటు నాలుగు డిస్కులు కూడా రైలెక్కేవి. ఆ డిస్కులో ఏముంటే ఆ పిల్లలకు అదే ‘మాయాబజార్’. అందులో లేనిది వారికి లేనట్టే. కాబట్టి డిస్కు మంచిచెడ్డలు కేవలం అభిరుచికి వదిలేసే విషయం కాదు. కొలిచి చూడవలసిన విషయం. కొలవడానికి హైస్కూలు లెక్కలు చాలు.

డిస్కులో పట్టేది ఎంత?

డిస్కు మీద సమాచారం సూక్ష్మమైన గుంటల రూపంలో ఉంటుంది. లేసర్ కిరణం వాటిని చదువుతుంది. కిరణం తరంగదైర్ఘ్యం ఎంత తగ్గితే గుంటలను అంత చిన్నవిగా, అంత దగ్గరగా చేయవచ్చు. సీడీలో వాడేది 780 నానోమీటర్ల కిరణం. డీవీడీలో అది 650, బ్లూరేలో 405. అందుకే ఒకే పరిమాణం గల బిళ్లలో డీవీడీ ఒక పొరకు 470 కోట్ల బైట్లు పట్టిస్తే, బ్లూరే 2,500 కోట్లు పట్టిస్తుంది.

బొమ్మ సంగతి చూడండి. మన దేశపు టీవీ పద్ధతిలో వీసీడీ ఒక్కొక్క చిత్రాన్ని 352 అడ్డం, 288 నిలువు చుక్కలుగా నిలుపుతుంది. అంటే లక్ష చుక్కలు. డీవీడీలో 720, 576. సుమారు నాలుగు లక్షలు. బ్లూరేలో 1,920, 1,080. ఇరవై లక్షలకు పైగా. వీసీడీ నుంచి డీవీడీకి నాలుగు రెట్లు, అక్కడి నుంచి బ్లూరేకు ఐదు రెట్లు. ఇక్కడిదాకా ‘బొమ్మ పక్షం’ వారికి అందరికీ తెలుసు. చాలామంది మరిచేది తర్వాతి మెట్టు. చుక్కలు ఎన్ని అన్నది పాత్ర పరిమాణం మాత్రమే. అందులో పోసింది ఎంత అన్నది వేరే లెక్క.

మూడు సినిమాలు, ఒకటే బిళ్ల

ఒక చిన్న లెక్క చేద్దాం. ‘మాయాబజార్’ నిడివి 184 నిమిషాలు, అంటే 11,040 సెకన్లు. ఒక పొర డీవీడీలో 470 కోట్ల బైట్లంటే 3,760 కోట్ల బిట్లు. భాగించండి. సెకనుకు సుమారు 34 లక్షల బిట్లు వస్తాయి. ఇందులోనే ధ్వని కూడా సర్దుకోవాలి. కుదించకుండా ఉంచితే డీవీడీ బొమ్మకు సెకనుకు 12 కోట్లకు పైగా బిట్లు కావాలి. అంటే ముప్పై ఆరింట ఒక వంతుకు కుదించారన్నమాట. ఎంపెగ్ పద్ధతి ఈ పనిని తెలివిగానే చేస్తుంది. ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మారని భాగాన్ని మళ్లీ రాయదు. రెండు పొరల డిస్కు వాడితే సెకనుకు 60 లక్షలు దాటుతాయి, బొమ్మ హాయిగా ఊపిరి పీల్చుకుంటుంది.

ఇప్పుడు బజారులో బాగా అమ్ముడైన ‘ఒకే డిస్కులో మూడు సినిమాలు’ తీసుకోండి. ఒక పొర మీద మూడేసి గంటల సినిమాలు మూడు. మొత్తం 32,400 సెకన్లు. సెకనుకు దక్కేది 11 లక్షల 60 వేల బిట్లు. వీసీడీలో ఒక్క బొమ్మకే సెకనుకు ఇచ్చేది సుమారు 11 లక్షల 50 వేలు! అంటే అట్ట మీద డీవీడీ అని ఉన్నా, లోపల పోసింది వీసీడీకి సరిపడా సరుకు. పైగా దాన్ని నాలుగు రెట్ల చుక్కల మీద పలచగా పరిచారు.

ఫలితం ఎక్కడ కనిపిస్తుంది? ‘మాయాబజార్’ వెన్నెల పడవ పాటలో చూడండి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కాంతిని మెత్తగా మలిచి వెన్నెల భ్రమ కల్పించారు. నలుపుకీ బూడిదరంగుకీ మధ్య ఎన్నో ఛాయలు. కదిలే నీటిలో ఏ రెండు చిత్రాలూ ఒకేలా ఉండవు. బిట్లు చాలనప్పుడు కుదింపు ముందుగా బలి తీసుకునేది వీటినే. నీటి మీద గళ్లు, ఆకాశంలో మెట్లు కనిపిస్తాయి. ఫిల్మ్‌లోని వెండి రేణువుల సహజమైన కదలికను ‘మరక’ అని భావించి తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. ‘శుభ్రం చేశాం’ అన్న మాట ప్రతిసారీ మెచ్చుకోలు కాదు.

చవకదనాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టినప్పుడు, దొంగ ముద్రణలు తప్ప కొనలేని ఇళ్లకు అసలు డిస్కు అందింది. తప్పు ధరలో లేదు. కొన్నదేమిటో కొన్నవారికి చెప్పకపోవడంలో ఉంది.

కిరీటాలు, శ్రుతి

1950లలో తీసిన మన సినిమాల చట్రం వెడల్పు, ఎత్తుకు 1.37 రెట్లు. నేటి టీవీ తెర వెడల్పు 1.78 రెట్లు. పాత బొమ్మ కొత్త తెరను నింపాలంటే దారులు రెండే. పైనా కిందా కోయాలి. లేదా అడ్డంగా సాగదీయాలి. కోస్తే ఎత్తులో 23 శాతం పోతుంది. పౌరాణిక చిత్రంలో ముందుగా తెగేది కిరీటం. సాగదీస్తే 30 శాతం వెడల్పు పెరుగుతుంది. ఘటోత్కచుడికి పరవాలేదేమో గాని, శశిరేఖకు అన్యాయం! అటూ ఇటూ నల్లపట్టీలు వదిలినదే నిజాయితీ గల డిస్కు. ‘తెర నిండా బొమ్మ’ అన్న ప్రకటన చూసి మురిసిపోకండి.

వేగం మరొక సంగతి. సినిమా సెకనుకు 24 చిత్రాలు. మన టీవీ పద్ధతి 25. తేడాను సర్దడానికి సినిమాను కాస్త త్వరగా తిప్పడం సులువైన దారి. అలా చేస్తే 184 నిమిషాల సినిమా సుమారు 177 నిమిషాల్లో అయిపోతుంది. ధ్వనిని సరిచేయకపోతే శ్రుతి కూడా 4 శాతం పెరుగుతుంది, అంటే ఒక స్వరస్థానంలో మూడింట రెండు వంతులు. ఘటోత్కచుడి విందు పాటలో మాధవపెద్ది సత్యం గొంతు కాస్త సన్నబడిందనిపిస్తే మీ చెవిని అనుమానించకండి. గడియారం చూడండి. 177 వస్తే అది వేగం పని. 160 వస్తే అది కత్తెర పని.

రంగుల మాయాబజార్

కత్తెర మాట వచ్చింది కనుక, మన భాషలో జరిగిన అతిపెద్ద పునర్ముద్రణ ప్రయత్నాన్ని చూద్దాం. కె.వి.రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన ‘మాయాబజార్’కు హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది, ధ్వనిని డీటీఎస్‌కు మార్చి, 2010 జనవరి 30న థియేటర్లలో విడుదల చేసింది. కొత్త తరం తెర ముందుకు వచ్చింది. ఆ మేలును కాదనలేం.

అయితే రెండు విషయాలు గుర్తించాలి. నలుపు-తెలుపు ఫిల్మ్ ప్రతి బిందువు వద్దా ఒకే సంగతి చెబుతుంది: కాంతి ఎంత? రంగుకు మూడు సంఖ్యలు కావాలి. ఒక్క సంఖ్య నుంచి మూడింటిని రాబట్టే లెక్క ఏదీ లేదు. కాబట్టి ఆ రంగులు తిరిగి దొరికినవి కావు, ఇప్పటివారు ఎంచుకున్నవి. ఇది పునరుద్ధరణ కాదు, కొత్త రచన. రెండోది మరింత ముఖ్యం. ప్రింటు దెబ్బతిన్న కారణంగా కొన్ని పాటలనూ, పద్యాలలో ఎక్కువ భాగాన్నీ ఆ రూపంలో వదిలేశారు. రంగు బాగుందా లేదా అని అందరూ వాదించారు. పద్యం పోయిందని ఎందరు అడిగారు? జంషెడ్‌పూర్ పిల్లవాడికి రంగు లేకపోతే నష్టం లేదు. పద్యం లేకపోతే నష్టమే.

అట్ట చేయవలసిన పని

ఇక్కడే అట్ట పక్షానికి న్యాయం చేయాలి. సత్యజిత్ రాయ్ ‘అపు’ చిత్రత్రయం నెగటివ్‌లు 1993లో లండన్‌లోని ఒక లేబొరేటరీలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలాయి. ఇటలీలోని బొలోన్యా నగర నిపుణులు ఆ పెళుసుబారిన చుట్టలను మెత్తబరచి, చేత్తో అతికి, 4కె స్పష్టతతో స్కాన్ చేశారు. ‘పథేర్ పాంచాలి’లో సుమారు 40 శాతం, ‘అపరాజితో’లో 60 శాతానికి పైగా అసలు నెగటివ్ నుంచే దక్కాయి. మిగతాది ఇతర ప్రతుల నుంచి తీసుకున్నారు. 2015లో క్రైటీరియన్ సంస్థ డిస్కులు విడుదల చేసినప్పుడు ఈ కథను దాచలేదు, కొన్నవారికి చెప్పింది. ఏది అసలు, ఏది అతుకు అన్నది చూసేవారికి తెలియడమే పునరుద్ధరణలో సగం విలువ.

జంషెడ్‌పూర్ వారికి ఇది కొత్త పాఠమేమీ కాదు. అక్కడి నుంచి బయలుదేరే ఉక్కు పలకతో ఒక పరీక్షా పత్రం వెళ్తుంది. ఏ కొలిమి పోతలోది, కార్బన్ ఎంత, లాగుడు బలం ఎంత అన్నీ అందులో ఉంటాయి. పలక నున్నగా మెరుస్తోందని ఏ ఇంజనీరూ వంతెనకు వాడడు. అదే ఇంజనీరు ఇంటికి వచ్చి, మెరిసే అట్ట చూసి డిస్కు కొనడం విచిత్రం కదూ!

డిస్కు అట్ట కూడా అటువంటి పత్రం కావాలి. బొమ్మ నెగటివ్ నుంచి తీశారా, ప్రింటు నుంచా, పాత టేపు నుంచా? ఏ సంవత్సరంలో స్కాన్ చేశారు? అసలు నిడివి ఎంత, డిస్కు నిడివి ఎంత? ఏమైనా తొలగించారా? చట్రం నిష్పత్తి ఎంత? ఎన్ని పొరలు? ఆరు వాక్యాలు. ముద్రణకు అదనపు ఖర్చు లేదు. ఇవి ఉన్న కాగితపు సంచి, ఇవి లేని బంగారు పెట్టె కంటే మేలు.

అట్టకు భౌతికమైన పని కూడా ఉంది. సీడీ, వీసీడీలలో సమాచార పొర బొమ్మ ముద్రించిన వైపు లక్క పూత కిందనే ఉంటుంది. కాబట్టి పైన పడ్డ గీతే ఎక్కువ ప్రమాదం. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల మధ్య భద్రం. బ్లూరేలో అది చదివే ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోపలే ఉంటుంది. మధ్య రంధ్రాన్ని బిగించి పట్టే పెట్టె పగుళ్లు తెస్తుంది. మెత్తని ప్లాస్టిక్ సంచి ఎండాకాలంలో డిస్కుకు అంటుకుంటుంది. మంచి పెట్టె కోరడం ఆడంబరం కాదు, నిల్వ శాస్త్రం.

ఇప్పుడు డిస్కుల దుకాణాలు దాదాపు లేవు. పాత సినిమా ఫోన్‌లో దొరుకుతోంది. అక్కడ అట్టే లేదు, ‘హెచ్‌డీ’, ‘4కె’ అన్న ముద్ర తప్ప. పాత టేపును సాగదీసి 4కె అన్నా అడిగేవారు లేరు. కాబట్టి వాదన పాతబడలేదు, మరింత అవసరమైంది. మీ ఇంట్లో పాత డిస్కు ఉంటే ఈ ఆదివారం తీయండి. నిడివి చూడండి. కిరీటం చూడండి. వెన్నెల చూడండి. తెలిసిన పెద్దవారెవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని, ఇక్కడ పద్యం ఉండేదా అని అడగండి. ఆ జవాబు ఏ అట్ట మీదా దొరకదు. అందుకే విన్నది విన్నట్టు ఒక కాగితం మీద రాసి, ఆ డిస్కుతోపాటే దాచండి.