ఎండ వైపు సీటు

మా నాన్నగారు బస్సెక్కే ముందు ఒకసారి ఆకాశం చూసేవారు. బస్టాండులో జనమంతా కిటికీల్లోంచి తువ్వాళ్లు విసిరి సీట్లు ఆపుకుంటుంటే, ఆయన మాత్రం ఊరు దాటాక రోడ్డు ఎటు సాగుతుందో, అప్పటికి పొద్దు ఎక్కడుంటుందో లెక్కేసుకుని, "కుడి పక్కన కూర్చోండి" అనేవారు. బెజవాడ నుంచి హైదరాబాదుకి పగటి బస్సు. మధ్యాహ్నం దాటేసరికి ఎడమ కిటికీల వాళ్లంతా ఆ తువ్వాళ్లే తలల మీద కప్పుకునేవారు. మా అమ్మకి ఈ లెక్కలు పట్టేవి కావు. తిన్నగా కండక్టరు దగ్గరికెళ్లి "నాయనా, ఎండ ఎటు కొడుతుంది?" అని అడిగేది. చిత్రమేమిటంటే ఇద్దరూ ఎప్పుడూ ఒకే సీటు దగ్గర తేలేవారు.

మూడేళ్ల కిందట మావాడు సియాటిల్ నుంచి ఫోన్ చేసి, "నాన్నా, అలాస్కా ఓడకి టిక్కెట్లు తీస్తున్నాను, గది ఏ పక్క కావాలి?" అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ బస్టాండే. పక్కనుంచి మా ఆవిడ, "ఓడకి పక్కలేమిట్రా, చుట్టూ నీళ్లేగా" అంది. ఆ మాటలో సగం నిజం ఉందని తర్వాత తెలిసింది. మిగతా సగం కోసం నేను రెండు రాత్రులు మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను.

మొదటి చిక్కు పేర్లది. ఓడలో ఎడమ పక్కని పోర్ట్ అంటారు, కుడి పక్కని స్టార్‌బోర్డ్ అంటారు. ఎడమ, కుడి అంటే సరిపోదా? సరిపోదు. నేను ఓడ వెనక వైపుకి తిరిగి నిలబడితే నా ఎడమ మారిపోతుంది, ఓడ ఎడమ మారదు. ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్ కుడి కాలువ, ఎడమ కాలువ అంటున్నామంటే, కృష్ణమ్మ పారే దిక్కుకి మొహం పెట్టి నిలబడి చెబుతున్నాం కనుకనే గుంటూరు వైపుది కుడి, నల్గొండ వైపుది ఎడమ అయ్యాయి. నదికి పారే దిక్కు ఎలాగో ఓడకి ముక్కు అలాగ. పూర్వం పడవలకి చుక్కాని తెడ్డు కుడి పక్కన ఉండేది. చుక్కాని పక్క కనుక అది స్టార్‌బోర్డ్ అయింది. తెడ్డు నలిగిపోకుండా పడవని ఎడమ పక్కనే రేవుకి ఆనించేవారు. ఆ ఎడమకి మొదట్లో లార్‌బోర్డ్ అని పేరు. గాలివానలో అరిచి చెబితే రెండు మాటలూ ఒకేలా వినపడుతున్నాయని 1844లో బ్రిటిష్ నౌకాదళం దాన్ని తీసేసి పోర్ట్ అనే మాట ఖాయం చేసింది. రాత్రి దీపాలు చూసినా పోల్చుకోవచ్చు: ఎడమన ఎరుపు, కుడిన ఆకుపచ్చ.

రెండో చిక్కు దారి. అలాస్కా ఓడలు ముఖ్యంగా రెండు రకాలు. సియాటిల్లోనో వాంకూవర్‌లోనో ఎక్కి తిరిగి అక్కడే దిగేవి ఒక రకం. వాటిలో ఏ పక్క తీసుకున్నా ఒకటే. పోయేటప్పుడు తప్పిపోయిన తీరం వచ్చేటప్పుడు దొరుకుతుంది. రెండోది ఒకవైపు ప్రయాణం: వాంకూవర్‌లో ఎక్కి ఏడు రోజుల తర్వాత ఉత్తరాన విట్టియర్‌లోనో సీవర్డ్‌లోనో దిగడం. మాది అది. ఉత్తరానికి పోతుంటే ఖండమంతా కుడి చేతి వైపు. కనుక కుడి. అటునుంచి దక్షిణానికి వచ్చేవాళ్లకి ఎడమ. నార్వే తీరం వెంట బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా పోయే ఓడలకీ ఇదే లెక్క.

మూడోది ఎండ. ఇక్కడే నా లెక్క తలకిందులైంది. నాన్నగారు నేర్పిన విద్య అంతా ఎండ తప్పించుకోవడానికి. ఓడల మీద కూడా ఈ విద్యకి పెద్ద చరిత్రే ఉంది. సూయెజ్ కాలువ దాటి ఇండియాకి వచ్చే దొరలు ఎర్ర సముద్రంలో ఉడికిపోయేవారు. ఓడ దక్షిణంగా దిగుతుంటే కుడి పక్క గదులకి మధ్యాహ్నం ఎండ తిన్నగా కొడుతుంది, పడుకునే వేళకి ఇనప గోడలు పెనంలా ఉంటాయి. ఎడమ పక్కకి పొద్దుటి ఎండే కనుక రాత్రికి చల్లబడతాయి. వెనక్కి వెళ్లేటప్పుడు దీనికి ఎదురు. ఇండియాకి పోయేటప్పుడు పోర్ట్, ఇంటికి వచ్చేటప్పుడు స్టార్‌బోర్డ్ అని డబ్బున్నవాళ్ల టిక్కెట్ల మీద నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు ముద్ర కొట్టేవారనీ, దర్జా అనే అర్థంలో వాడే పాష్ అనే మాట అలా పుట్టిందనీ ఒక కథ. అటువంటి ముద్ర ఉన్న టిక్కెట్టు ఇంతవరకు ఒక్కటీ బయటపడలేదు, నిఘంటువుల వాళ్లూ ఒప్పుకోరు. కథ కట్టుకథే అయినా అందులోని ఎండ మాత్రం నిజం.

అలాస్కాలో సెప్టెంబరు మొదట్లో ఆ ఎండ కోసమే వెంపర్లాడాలి. ఓడ వాయవ్యంగా పోతుంటే కుడి బాల్కనీ ఈశాన్యం చూస్తుంది. పొద్దున ఎనిమిదింటికి కొండలెక్కి ఎండ మా కుర్చీల మీదికి వచ్చేది. స్వెటర్లు, మఫ్లర్లు, పైన దుప్పటి, చేతిలో కాఫీ. మా ఆవిడ కుర్చీని ఎండతో పాటు జరుపుకుంటూ, "మీ నాన్నగారు చూస్తే ఏమనేవారో" అంది. బెజవాడలో పుట్టినవాళ్లం ఎండని పోగొట్టుకోకూడదనుకోవడం అదే మొదటిసారి.

ఇక నా లెక్కకి ఓడ చెప్పిన జవాబులు. మొదటి రోజు తీరం రెండు పక్కలా ఉంది: కుడిన ఖండం, ఎడమన వాంకూవర్ ద్వీపం. నేను రెండు రాత్రులు పడిన కష్టానికి విలువే లేకపోయింది. స్కాగ్వే రేవులో మరీ అన్యాయం. పొద్దున్నే తెర తీస్తే బాల్కనీకి ఎదురుగా నిట్టనిలువు రాతి గోడ. దాని నిండా ఇంతకుముందు వచ్చిన ఓడల పేర్లు, కెప్టెన్ల పేర్లు రంగులతో రాసి ఉన్నాయి. మన వాళ్లు గుడి మెట్ల మీద పేర్లు చెక్కినట్టే, ఓడల సిబ్బంది ఏళ్ల తరబడి ఆ కొండ మీద రాస్తూ వచ్చారట. ఊరు, జనం, అన్నీ ఎడమ గదుల వాళ్లకి. నాకు గోడ. రేవులో ఓడ ఏ పక్క ఆనుతుందో ముందే తెలుసుకుని గది తీసుకోవడం కుదిరే పని కాదని అక్కడ అర్థమైంది. అది గాలి, పోటు, ఖాళీ ఉన్న స్థలాన్ని బట్టి మారుతుంది.

గ్లేసియర్ బే రోజున అసలు పరీక్ష. 1794లో కెప్టెన్ వాంకూవర్ మనుషులు వచ్చినప్పుడు అక్కడ అఖాతమే లేదు, మూతి దగ్గరే మంచు గోడ. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి ఆ గోడ చాలా దూరం వెనక్కి తగ్గింది. ఇప్పుడు నూరు కిలోమీటర్లు లోపలికి పోతే గానీ మార్జరీ హిమానీనదం కనపడదు. రోజుకి రెండు పెద్ద ఓడలనే లోపలికి రానిస్తారు. మేం చివరికంటా వెళ్లేసరికి ఆ మంచు గోడ ఎడమన ఉంది. మా బాల్కనీ ముందు వట్టి బోడి రాయి, దాని మీదనుంచి జారే సన్నటి నీటి ధార. అవతలి పక్కనుంచి జనం కేకలు వినపడుతున్నాయి. నేను చెప్పులేసుకుని పై డెక్కుకి పరుగెత్తబోతుంటే మా ఆవిడ, "ఆగండి, ఏదో తిరుగుతోంది" అంది.

తిరుగుతున్నది ఓడే. నీళ్లు కదిలినట్టు కూడా లేదు. రాయి మెల్లిగా పక్కకి జరిగింది, తర్వాత బురద రంగు మంచు, తర్వాత నీలం. నీలమంటే ఆకాశం నీలం కాదు, కొత్త సబ్బుబిళ్ల లోపలి నీలం. నీటి మీద 75 మీటర్ల ఎత్తు, మైలు వెడల్పు గోడ వచ్చి మా రెయిలింగు ముందు నిలబడింది. అందులోంచి ఒక మేడంత ముక్క చప్పుడు లేకుండా విరిగి, మెల్లిగా నీళ్లలోకి దిగింది. అది దిగుతుండగా వచ్చింది చప్పుడు, ఉరుములాగా, పక్క ఊరినుంచి వచ్చినట్టు. అక్కడి ట్లింగిట్ జనం దీన్ని తెల్ల ఉరుము అంటారని ఓడ ఎక్కిన పార్కు రేంజరు మైకులో చెప్పారు. ఒక గంట పాటు కెప్టెన్ ఓడని అలా నిలబడ్డ చోటే తిప్పుతూ, ఎడమకీ కుడికీ సమంగా వడ్డించాడు. పంక్తిలో ఆఖరి విస్తరికి కూడా బూరె అందినట్టు.

ఆ సాయంత్రం అఖాతం దాటి బయటి సముద్రంలోకి వచ్చాం. సూర్యాస్తమయం ఎడమ వైపు. మళ్లీ ఓడిపోయాననుకున్నాను. కానీ కుడిన ఫెయిర్‌వెదర్ కొండలు. 1778లో కెప్టెన్ కుక్ పెట్టిన పేరు. పెద్ద శిఖరం 4,671 మీటర్లు, సముద్రం ఒడ్డునుంచి ఎంతో దూరం కూడా లేదు. అవతలి పక్క దిగుతున్న ఎండంతా మా పక్క మంచు మీద పడి, ముందు పసుపు, తర్వాత పండిన జామకాయ లోపలి రంగు వచ్చింది. సూర్యుడు వాళ్లకి దొరికాడు. వెలుగు పడ్డ కొండలు మాకు దొరికాయి.

ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఇంతే. ఒకవైపు ప్రయాణమైతే నేల ఏ చేతి వైపు ఉంటుందో చూసుకోండి. చలి దేశమైతే పొద్దుటి ఎండ, వేడి దేశమైతే సాయంత్రపు నీడ చూసుకోండి. పక్క కుదిరాక అంతకన్నా ముఖ్యం, కిటికీకి లైఫ్‌బోటు అడ్డం రాకుండా, ఊపు తక్కువగా ఉండే మధ్య భాగంలో గది దొరకడం. పక్క ఖాయంగా చెప్పగలిగిన చోట్లు కొన్నే. వెనిస్‌లోకి వచ్చే ఓడకి సెయింట్ మార్క్ చౌకు కుడినే ఉండేది, 2021 ఆగస్టునుంచి పెద్ద ఓడల్ని ఆ కాలువలోకే రానివ్వడం లేదు. మన విశాఖ రేవు దాటి బయటికొచ్చే ఓడకి కుడిన డాల్ఫిన్స్ నోస్, ఎడమన బీచి రోడ్డు. ఏది కావాలో ఎవరూ చెప్పలేరు. అందుకే ఆ పూట గదిలో కూర్చోకుండా డెక్కు మీదికి వెళ్లాలి.

చివరి రోజు విట్టియర్‌లో దిగి యాంకరేజ్‌కి బస్సెక్కాలి. నేను అలవాటుగా మెట్ల దగ్గర ఆగి ఆకాశం చూశాను. ముసురు. పొద్దు జాడ లేదు. ఊరు దాటగానే నాలుగు కిలోమీటర్ల సొరంగం, అందులో ఏ పక్కైతేనేం. ఆ తర్వాత దారి ఎటు తిరుగుతుందో ఆలోచిస్తుండగానే మా ఆవిడ నన్ను దాటుకుని లోపలికి వెళ్లింది. డ్రైవరుకి చెయ్యి ఊపి, తనకొచ్చిన నాలుగు ఇంగ్లిష్ ముక్కల్లో "వాటర్ ఏ సైడు?" అని అడిగింది. అతను ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు.

నేను వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను.