అవమానానికి తేదీ వేయాలి

అమెరికాలో ప్రభుత్వ కాంట్రాక్టులు పట్టాలని చూసే మన చిన్న కంపెనీల వాళ్లు ‘ఎయిట్‌ ఏ’ సర్టిఫికేషన్‌ కోసం నా దగ్గరికి వస్తుంటారు. టాక్సు లెక్కలతో పాటు ఈ కాగితాలూ చూస్తుంటాను. కంపెనీలో కనీసం 51 శాతం వివక్షకు గురై, ఆర్థికంగా వెనకబడిన అమెరికా పౌరుల చేతిలో ఉండాలి, దాన్ని నిజంగా వాళ్లే నడపాలి. ఉండే ఇల్లు, కంపెనీ వాటా, రిటైర్మెంట్‌ ఖాతాలు తీసేస్తే, అప్పులు పోను సొంత ఆస్తి 8,50,000 డాలర్లు మించకూడదు. ఊళ్లో పంచుకోని పొలంలో వాటా ఎంత వేయాలి, బీరువాలో బంగారం చూపాలా అని తర్జనభర్జన పడతారు. చూపాలి. దరఖాస్తుకు ఫీజు లేదు. ఫీజు కట్టమనే మోసపు మెయిళ్లకు మాత్రం కొదవ లేదు.

ఇవన్నీ లెక్కలు, ఎలాగో తేలతాయి. తేలనిది కథ. భారత ఉపఖండం వాళ్లను 1982లో ఈ పథకం జాబితాలో చేర్చారు. ఆ వర్గంలో పుట్టినవాళ్లు వివక్ష ఎదుర్కొన్నట్టేనని 2023 దాకా ప్రభుత్వమే అనుకునేది. ఆ ఏడాది జులైలో, ఒక శ్వేతజాతి మహిళకు చెందిన అల్టిమా కంపెనీ వేసిన కేసులో, టెనెసీ ఫెడరల్‌ కోర్టు అలా అనుకోవడం కుదరదంది. దాంతో ఎవరికి జరిగింది వాళ్లే రాసివ్వాల్సి వచ్చింది: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు, దానివల్ల ఏం పోయింది.

మనవాళ్ల మొదటి చిత్తుప్రతి పెళ్లిసంబంధాల బయోడేటాలా ఉంటుంది. ర్యాంకు, ఎమ్మెస్‌, ప్రమోషన్‌. ‘ఇందులో దెబ్బ ఎక్కడ తగిలిందండీ?’ అంటే, ‘అలాంటివి మేం పట్టించుకోలేదండీ’ అంటారు. గుచ్చి గుచ్చి అడిగితే ఒకావిడ చెప్పారు: క్లయింటుకి మీ యాస అర్థం కాదని మేనేజరు ఆమెను మీటింగు నుంచి తప్పించాడట. ఆమె పని నేర్పిన కుర్రాడికి ప్రాజెక్టు ఇచ్చాడట. ఆ మెయిల్‌ ఇంకా ఉందట. పేజీల కొద్దీ బాధ కన్నా ఆ రెండు లైన్ల మెయిలే నాకు ముఖ్యం.

పల్నాటి నుంచి వచ్చి ఇక్కడ ఆఫీసులు శుభ్రం చేసే కంపెనీ నడుపుతున్న తమ్ముడొకడిది వేరే చిక్కు. రాయడానికి మొహమాటపడలేదు. బళ్లో విడిగా పెట్టిన గ్లాసు, హాస్టల్లో తిట్లు, అద్దెకు దొరకని గది, అన్నీ రాశాడు. అన్నీ గుంటూరు జిల్లాలో జరిగినవే. నిబంధన ప్రకారం నష్టం అమెరికా సమాజంలో జరిగి ఉండాలి, వేరే దేశాల్లో జరిగింది చెల్లదు. ‘అసలు దెబ్బలు కొట్టేసి, గీరుకుపోయినవి రాయమంటావా అన్నా?’ అన్నాడు. ఈ దేశం తను చేసిన గాయానికే పూచీ పడుతుందనడంలో న్యాయం ఉంది. అతని ముందు ఆ మాట అనడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

ఇక్కడ ఏం జరగలేదా అని అడిగితే చాలాసేపటికి చెప్పాడు. ఒక తెలుగాయన సబ్‌కాంట్రాక్టు ఇస్తానని మాటిచ్చాడు. ఏ ఊరు, ఇంటిపేరేంటి అని ఆరా తీశాక ఫోనెత్తడం మానేశాడు. జరిగింది వర్జీనియాలో. నిబంధనలో జాతి, లింగం లాంటి వాటి తర్వాత ‘అలాంటి ఇతర కారణాలు’ అని కూడా ఉంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్‌ నగరం కులవివక్షను నిషేధించింది కూడా. ‘ఇతర కారణాలు’ అన్న మాట మీద వాదించి చూడొచ్చు, ఒప్పుకుంటారన్న హామీ మాత్రం లేదు. మెసేజులున్నాయి, తేదీలున్నాయి.

‘ఆయన పేరు కూడా రాయాలా అన్నా? వచ్చే ఉగాదికి ఒకే హాల్లో కూర్చోవాలి’ అన్నాడు.

రాయాలన్నాను.