వీరగల్లు – నాయకుని కోటు

ధర్మపురి ప్రదర్శనశాలలోని వీరగల్లులను మా విద్యార్థులకు చూపుచుందును. ఆలమందలకై పోరాడి నేలకొరిగిన వీరుని పేరు, నాటి రాజు పేరు పెక్కు రాళ్లపైననే చెక్కబడియున్నవి. రాయి తన కథను తానే చెప్పుకొనును. క్రీడాకారుని కోటు చెప్పుకొనజాలదు.

హాకీ వీరుడు బల్బీర్ సింగు 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాయకుడుగా ధరించిన కోటును, 36 పతకములను, నూటికి మించిన ఛాయాచిత్రములను 1985లో భారత క్రీడా ప్రాధికార సంస్థకు ఒసగెను. తలపెట్టిన ప్రదర్శనశాల వెలయలేదు. 2012లో ఆయన అడుగగా వస్తువులు కానరాలేదు. ఎవరు అపహరించిరని వాదించుటకంటె ఏ పుస్తకమున పద్దు వ్రాసిరని అడుగుట యుక్తము. దాతకు రశీదు, వస్తువుపై సంఖ్య, ఆ సంఖ్యకు పద్దు, ఏటేట సరిచూపు లేనిచో అది స్వీకారమే కాదు. హాజరుపట్టీ పిలువక మేము పాఠమైన మొదలిడము గదా! 2020 మే 25న బల్బీరు కన్నుమూసెను. కోటు తిరిగి రాలేదు.