జరీ అంచుకు మూడొందల కేబీ

ఈ వారం మా మేనకోడలు నలభై ఫొటోలు పంపింది. అన్నీ మంగళగిరి చీరలు. అక్క ఇంట్లోనే అమ్ముతుంది, వాటికోసం పిల్ల ఒక వెబ్‌సైటు కడుతోంది. "మావయ్యా, అన్ని ఫైళ్ల పేర్ల చివరా జేపీజీ అని మార్చాను. అయినా సైట్లో బొమ్మ రావట్లేదు" అని ఫోన్ చేసింది.

అవి ఐఫోన్ తీసిన హెచ్‌ఈఐసీ ఫైళ్లు. సీసా మీద చీటీ మారిస్తే ఆముదం నెయ్యి అవుతుందా? ఆపిల్ 2017లో ఐఓఎస్ 11తో ఈ పద్ధతికి మారింది. జేపీజీ పట్టే చోటులో సుమారు సగమే చాలు కాబట్టి ఫోనుకు అది మేలే. కానీ క్రోమ్ దాన్ని చూపించదు. ఈ సంగతి ఫోను కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. నా కోపమంతా దానిమీదే.

వెబ్‌లో పెట్టే ఫొటో వంద కేబీ దాటకూడదన్న నా నియమం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. సిగ్నల్ ఒక్క గీతే ఉన్న ఊళ్లోనూ పేజీ తెరుచుకోవాలి. డేటా అయిపోతుందని లెక్కేసుకునే మనిషి మీద నాలుగు ఎంబీల ఫొటో మోపడం అన్యాయం. పిల్లకీ అదే చెప్పాను: ఫొటోలు దిద్దే జింప్‌లో తెరువు, 4032 చుక్కల వెడల్పును 1200కి దించు, నాణ్యత తగ్గిస్తూ వందలోపు తీసుకురా. రాత్రికల్లా చేసేసింది.

పొద్దున్నే అక్క ఫోన్. "ఇది మన చీర కాదురా."

తెరిచి చూశాను. బాడీ బాగానే ఉంది. నిజాం అంచు మీది చిన్న చిన్న జరీ గోపురాలు మాత్రం కరిగి ఒకే పసుపు చారైపోయాయి. ఆకుపచ్చ పక్కనున్న ఎర్ర గీత అటూ ఇటూ పారింది.

ఎందుకలా అయిందో చెప్పాలంటే 1974 దాకా వెళ్లాలి. ఆ ఏడాది నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు ముగ్గురూ కలిసి డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అనే లెక్కను ప్రచురించారు. అహ్మద్ బెంగళూరులో పుట్టినవారు. ఈ ఆలోచన మీద పనిచేస్తానని 1972లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగితే కాదన్నారు. రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో దశాబ్దాలు పాఠాలు చెప్పారు. ఆ పేరు మొదటిసారి చదివిన రోజు ఎంత సంబరపడ్డానో! 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్‌కు, అంటే మన జేపీజీకి, గుండెకాయ ఆ లెక్కే.

జేపెగ్ బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో వెలుగునీడలు ఎంత నెమ్మదిగా, ఎంత వేగంగా మారుతున్నాయో కొలుస్తుంది. సైజు తగ్గించమంటే ముందు వేగంగా మారేవాటినే వదిలేస్తుంది, కంటికి అవి అంతగా ఆనవు కాబట్టి. ముఖానికీ ఆకాశానికీ ఈ తెలివి చాలు. జరీ అంచంటేనే పోగుపోగుకీ మారే వెలుగు! మగ్గం మీద నేతగాడు ఎక్కువ కష్టపడ్డ చోటే మొదట పోతుంది. దానికి తోడు, చోటు మిగల్చడానికి నాలుగేసి చుక్కలకు కలిపి ఒకే రంగు రాసుకునే అలవాటుంది. ఎరుపు పారింది అందుకే. జేపీజీకి బదులు మామూలుగా కుదించే వెబ్‌పీ వాడితే ఎప్పుడూ అంతే, వేరే దారి లేదు.

మళ్లీ కూర్చున్నాం. అసలు ఫైలు నుంచే మొదలుపెట్టాం. ఒకసారి నలిగిన జేపీజీని మళ్లీ నలిపితే ఇంకా పాడవుతుంది. ఐఫోన్ ఎరుపు మామూలు తెరల్లో వెలవెలబోకుండా ముందు ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతికి మార్చాం. తర్వాత 1200కి దించి, ఎగుమతి చేసేటప్పుడు సబ్‌శాంప్లింగ్ దగ్గర 4:4:4 పెట్టాం, అంటే చుక్క చుక్కకీ దాని రంగే. అసలు ఫొటో అంత పెద్దది గనక, కుదించాక కూడా చుక్కకో రంగు మిగిలింది. నాణ్యత 88. ఫైలు 310 కేబీ వచ్చింది.

ఇన్నేళ్లూ వంద దాటితే తప్పన్నాను. ఈ చీర విషయంలో ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చీర మొత్తం కనిపించే ఫొటోలు వందలోపే ఉంటాయి. అంచును దగ్గరగా చూపే ఫొటోకి మూడొందలివ్వాలి, నొక్కినవాళ్లకే అది తెరుచుకోవాలి. ఐదు వేలు పెట్టి కొనబోయే మనిషి దాన్ని చూసే కదా నమ్మాలి.

అక్క తెరను పెద్దది చేసి గోపురాలు చూసుకుంది. "ఆ, ఇప్పుడు మనదే" అంది. ఇంకా 26 చీరలున్నాయి. ఆదివారం మళ్లీ కూర్చుంటాం.