సూది కంటే ముందు

కిరండుల్ నుంచి రైల్లో విశాఖ వచ్చిన పెద్దాయనను ఎమ్మారై స్కాన్ బల్ల ఎక్కించే ముందు ఓ మాట అడుగుతాం: "గ్రైండింగ్, వెల్డింగ్ పనేమైనా చేశారా? కంట్లో ఎప్పుడైనా ఇనుప రజను పడిందా?" మూత్రం సరిగా రావట్లేదని వచ్చిన మనిషికి ఈ ప్రశ్న వింతగా తోస్తుంది. కానీ కంట్లో మిగిలిన రజనును అయస్కాంతం కదిపిందంటే చూపే పోవచ్చు. 1968 నుంచి ఆ కిరండుల్ పక్కనున్న బైలాడిలా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వుతున్నారు మరి. ఒంట్లో తూటా ముక్క గానీ, మందుపాతర పెంకు గానీ ఉందా అని కూడా అడగాలి. ఆ కొండలున్న బస్తర్ మనిషిని అది అడిగేటప్పుడు గొంతు తగ్గించి అడగమని మా కుర్రాళ్లకు చెబుతుంటాను.

రక్తపరీక్షలో పీఎస్ఏ పెరగ్గానే ప్రోస్టేట్ క్యాన్సరేనని బెంగపడతారు. వయసుతో ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బినా, ఇన్ఫెక్షన్ వచ్చినా అది పెరుగుతుంది. నాకు బాధ కలిగేది మాత్రం సూదితో ముక్క పరీక్ష (బయాప్సీ) స్కాన్ కంటే ముందే చేయించుకుని వచ్చినవాళ్లను చూసినప్పుడు. గ్రంథి అంచు మామూలుగా తెల్లగా, క్యాన్సర్ నల్లగా కనిపించాలి. సూది గుచ్చిన చోట నిలిచిన రక్తమూ నల్లగానే కనిపించి తికమక పెడుతుంది. కొన్ని వారాలు ఆగి మళ్లీ రమ్మనాలి. అంత దూరం నుంచి వచ్చినవాళ్లకు ఆ మాట ఎలా చెప్పను?

స్కాన్‌లోనే తీసే డిఫ్యూజన్ అనే మరో చిత్రం నీటి కదలికను పట్టిస్తుంది. జగదల్‌పూర్ ఆదివారం సంత కిక్కిరిస్తే అడుగు పడనట్టు, క్యాన్సర్ కణాలు ఒత్తుగా పేరుకున్న చోట నీరు కదల్లేదు. ఆ చోటు విడిగా మెరుస్తుంది. సూది నేరుగా అక్కడికే వెళ్లొచ్చు. 2018లో వచ్చిన ప్రెసిషన్ అధ్యయనంలో 500 మంది పాల్గొన్నారు. ముందు ఎమ్మారై తీసిన వర్గంలో 38 శాతం మందికి, పాత పద్ధతి వర్గంలో 26 శాతం మందికి చికిత్స అవసరమైన క్యాన్సర్ బయటపడింది. చిత్రాలు నాణ్యంగా తీస్తే కాంట్రాస్ట్ ఇంజెక్షన్ లేకపోయినా ఫలితం తగ్గదని 2025లో ప్రైమ్ అధ్యయనం తేల్చింది. స్కాన్ త్వరగా ముగుస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. బస్తర్ లాంటి చోట్లకు ఇంతకంటే మంచి కబురు లేదనుకుంటాను.

చివరికి క్యాన్సర్ అనుమానం ఎంతో చెప్పేలా ఒకటి నుంచి ఐదు దాకా ఓ అంకె వేయాలి. ఒకటి, ఐదు తేలిక. మూడు వేయాల్సి వస్తే చాలాసేపు తెర ముందే కూర్చుంటాను.

రెండు వచ్చినవాళ్లకూ పీఎస్ఏ పరీక్ష మానొద్దనీ, స్కాన్ సీడీ పారేయొద్దనీ చెబుతాను. తర్వాతి స్కాన్ ఏ ఊళ్లో తీయించుకున్నా, పాత చిత్రం పక్కన ఉంటేనే మార్పు తెలుస్తుంది.